నాచు వేయాలా, తీసేయాలా?

ప్రశ్న: త్రెడ్‌ఫిన్ రెయిన్‌బో అనే చిన్న అక్వేరియం చేపల పెంపకం మీద ఒక తెలుగు కరపత్రాన్ని దిద్దుతున్నాం. ఒక చోట "తొట్టిలో నాచు గుత్తులు వేయండి" అనీ, ఇంకో చోట "నాచు కనబడగానే తీసేయండి" అనీ ఉంది. మొదటిది జావా మాస్ అనే తొట్టిలో పెంచే నీటి మొక్క, రెండోది దానంతటదే పట్టే ఆల్గే. రెండూ నాచే అయితే చదివేవాళ్ళు ఏం చేయాలి?

జవాబు: ఈ తేడా వాడుకలోనే ఉందండీ. గాజుకీ, రాళ్ళకీ, బావి మెట్లకీ జారుడుగా పట్టేది పాచి. "పాచి పట్టింది" అంటాం, "పాచి నాటాం" అనం. నాచు పరిధి పెద్దది. చెరువులో తేలేదీ నాచే, సముద్రంలో పెరిగేదీ నాచే. ఆల్గేకి పాఠ్యపుస్తకాలు వాడే 'శైవలాలు' తొట్టి కడిగేవాళ్ళ నోట పలకదు. తీసేయాల్సినదాన్ని పాచి అనండి, ఉంచాల్సినదాన్ని జావా మాస్ అనే ఉంచండి. ఒక్క జాగ్రత్త: "పాచి నీళ్ళు" అంటే నిలవ నీళ్ళనుకుంటారు, అందుకని "గాజుకు పట్టిన పాచి" అని విప్పి రాయాలి.

మరో సభ్యురాలు: ఈ చేపల దగ్గర ఆ తేడా గుడ్ల మీదికి వస్తుంది. న్యూగినీ, ఉత్తర ఆస్ట్రేలియాల్లో మొక్కలు దట్టంగా ఉండే నెమ్మది నీళ్ళు వీటి చోటు. ఆడచేప రోజూ కొన్నేసి గుడ్లు పెడుతుంది. వాటికుండే సన్నని జిగురు పోగులు మాస్‌ని పట్టుకుంటాయి. "నాచు తీసేయండి" అని చదివినవారు గుడ్లన్నీ పారబోస్తారు. కరపత్రంలో ఇది ఉండాలి: వారానికోసారి ఆ మాస్‌ని తొట్టి నీళ్ళతోనే నింపిన వేరే పాత్రలోకి మార్చి, 26 డిగ్రీల దగ్గర ఉంచాలి. వారం, పది రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. మొదట్లో వాటి నోట్లో ఆర్టీమియా (మేతగా వేసే చిన్న ఉప్పునీటి రొయ్య) పిల్లలు కూడా పట్టవు. ఇన్ఫ్యుసోరియా (నీటిలోని సూక్ష్మజీవులు) గానీ, పిండిలా నూరిన మేత గానీ నీటి పైపొర మీద వేయాలి, పిల్లలు అక్కడే తిరుగుతాయి. పెద్దవాటి నోరూ చిన్నదే, ఫ్లేక్స్‌ని (పలచని రేకుల మేతని) వేళ్ళ మధ్య నలిపి వేయాలి. స్పాంజి ఫిల్టర్ అయితే పిల్లల్ని లాగేయదు.

ప్రశ్న: మాస్‌లోనే పోగుల పాచి అల్లుకుంటే?

జవాబు: గుడ్లు లేవని చూసుకున్నాక పాత టూత్‌బ్రష్‌కి చుట్టి లాగాలి. పాచి మందులు చాలావాటిని మాస్ తట్టుకోదు. లైటు రోజుకి 6 నుంచి 8 గంటలు చాలు. వారానికి పావు వంతు నీళ్ళు మార్చాలి, మిగిలిన మేత తీసేయాలి. అన్నట్టు, 'గుత్తులు' కాదు, మాస్‌కి 'కుచ్చు' అనండి.