అక్టోబర్ ఆఖర్లో డ్రైవ్‌వే సీల్‌కోట్: ఇప్పుడే వేయించాలా, మే దాకా ఆగాలా?

నోవైవాసి:
అందరికీ నమస్తే. మేముండేది అమెరికాలో, మిషిగన్‌లో నోవై. మా డ్రైవ్‌వే (రోడ్డు నుంచి గరాజ్ దాకా కారు దారి) తారుది, వేసి పదేళ్లు పైనే అయ్యుంటుంది, నలుపంతా పోయి బూడిద రంగుకి తిరిగింది. గరాజ్ ముందు అడ్డంగా ఒక పొడుగాటి పగులు, రోడ్డు వైపు మూలన చిన్న చిన్న పగుళ్లు వల అల్లినట్టు ఉన్నాయి. నిన్న ఒకతను తలుపు కొట్టి, సీజన్ ఆఖరు కాబట్టి సగం రేటుకే సీల్‌కోట్ (తారు మీద వేసే నల్ల పూత) వేస్తాను, శనివారం కార్లు బయట పెట్టుకోండి అన్నాడు. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నుంచి కూడా డ్రైవ్‌వే బాగుచేయించమని లెటర్ వచ్చింది. మంచు పడేలోపు వేయించేద్దాం అని మా ఆవిడ, మే దాకా దాని జోలికి పోకు అని మా బావమరిది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

బఫెలో_చలి:
వేయించేయండి బ్రో. మాకిక్కడ నవంబర్‌లోనే లేక్ ఎఫెక్ట్ మంచు (పెద్ద సరస్సు మీదుగా వచ్చే చలిగాలితో పడే మంచు) మొదలైపోద్ది, కరిగిన నీళ్లు నెలల తరబడి తారు మీదే, దానికి తోడు ఉప్పు, ఆపైన స్నోబ్లోయర్ గీకుడు. పైన ఒక పూత ఉంటే కొంతైనా కాస్తది కదా. నేనెప్పుడూ ఫాల్‌లోనే, ఆకులు రాలే కాలంలోనే వేయిస్తా.

పాత_సివిలోడు:
బఫెలో గారూ, ఫాల్ అన్నారు గానీ ఏ నెలో చెప్పలేదు, తేడా అంతా అక్కడే ఉంది. సెప్టెంబర్ వేరు, అక్టోబర్ ఆఖరు వేరు. నేను ఇండియాలో ఆర్ అండ్ బీ రోడ్ల మీద పనిచేసి వచ్చినవాణ్ణి, అక్కడ వానలు పట్టుకుంటే తారు పని ఆపేస్తాం, ఇక్కడ చలి పట్టుకుంటే ఆపాలి. సీల్‌కోట్ అంటే వేడి తారు కాదండీ, నీళ్లతో కలిపిన ఎమల్షన్. ఆ నీళ్లు ఆవిరైపోతేనే మిగిలింది ఒక పొరలా అతుక్కుంటుంది. అందుకే డబ్బా మీదే రాస్తారు, 50 డిగ్రీల ఫారన్‌హీట్ పైన ఉండాలి, రాత్రి కూడా తగ్గకూడదు, 24 గంటలు వాన పడకూడదు అని. అక్టోబర్ ఆఖర్లో నోవైలో మధ్యాహ్నం 55 ఉన్నా రాత్రికి 30ల్లోకి దిగడం మామూలే, ఇంటి నీడ పడే వైపైతే అసలు ఆరదు. ఆరకముందు గడ్డకట్టిందంటే పట్టు ఉండదు, జనవరిలో మంచు ఎత్తే పారతోనే పెచ్చులు పెచ్చులుగా లేచొస్తుంది, ఆ పెచ్చులన్నీ గీకించుకోడానికి మే నెల్లో మళ్లీ డబ్బులు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పగుల్లేని తారులోంచి నీళ్లు పెద్దగా దిగవు, పగుల్లోంచే దిగుతాయి. నీళ్లు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి పగులుని అటూ ఇటూ నెడతాయి, పగలు కరిగి ఇంకాస్త లోపలికి పోతాయి, రాత్రి మళ్లీ గడ్డ, ఇలా చలికాలమంతా జరిగి కింద కంకర బేస్ మెత్తబడిపోయాక కారు చక్రం పడితే కుంగిపోయి ఫిబ్రవరి మార్చిలో గుంత తేలుతుంది. కాబట్టి మంచుకి ముందు పగులు పూడ్చండి, నల్ల పూత ఆగినా ఏం కాదు. రెండూ కలిపి ఒకే పనిలా అమ్మేవాళ్ల వల్లే ఇంత గందరగోళం.

ఎడిసన్_వాడు:
రేటు సంగతి పక్కన పెట్టండి, తలుపు కొట్టి వచ్చినవాళ్లకి మాత్రం ఇవ్వకండి దయచేసి. పక్క వీధిలో పని చేశాం మెటీరియల్ మిగిలింది అనో, ఈ రోజే ఆఖరు అనో వస్తారు, డబ్బు ముందే క్యాష్‌లో అడుగుతారు, బాగా నీళ్లు కలిపి పల్చగా కొట్టేసి పోతారు. రెండు వారాలు నల్లగా కనిపిస్తది, తర్వాత వాన నీళ్లతో పాటు పోతది. మా కమ్యూనిటీలో ఒక పెద్దాయన దగ్గర ఇలాగే పట్టుకుపోయారు, ఫోన్ చేస్తే నంబరే పనిచేయలేదు. రాతలో కొటేషన్, ఇన్సూరెన్స్ కాగితం, ఏ మెటీరియల్, ఎన్ని పూతలు, ఇవి అడగండి, అడిగేసరికి సగం మంది మళ్లీ రారు.

ఓహైయో_అక్క:
ఏ మెటీరియల్ అన్నారు కాబట్టి, ఇది ఎవరూ మాట్లాడట్లేదేంటండీ? కోల్ టార్ సీలర్ (బొగ్గు నుంచి తీసే తారుతో చేసిన పూత) వద్దే వద్దు. అందులో పీఏహెచ్‌లు అని క్యాన్సర్ కారకాలు ఉంటాయి, అరిగిన పొడి గాలికి, చెప్పులకి అంటుకుని ఇంట్లోకి వస్తుంది, మా పిల్లలు డ్రైవ్‌వే మీదే సుద్దముక్కలతో బొమ్మలేస్తారు. టెక్సస్‌లో ఆస్టిన్ 2006లోనే నిషేధించింది, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో, మిన్నెసోటా 2014లో, మీ పక్కన ఆన్ ఆర్బర్‌లో కూడా నిషేధం ఉంది. యాస్ఫాల్ట్ (పెట్రోలియం తారు) ఎమల్షనే కావాలి అని రాయించుకోండి.

ఇంకా, ఏటా ఏటా వేయించేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. పొర మీద పొర మందమైపోయి ఆ పొరే పగులుతుంది. రెండు మూడేళ్లకోసారి చాలు.

బఫెలో_చలి:
సివిల్ గారూ, సీల్‌కోట్ ఉత్త రంగే అన్నట్టు మాట్లాడుతున్నారు, అది ఒప్పుకోను. ఎండకి తారులో జిగురు ఆక్సిడైజ్ అయ్యి పెళుసుబారుతుంది, ఆ బూడిద రంగు అందుకే. పూత ఉంటే అది నెమ్మదిస్తుంది, కారు కింద కారే ఆయిల్ కూడా తారుని కరిగించకుండా ఆపుద్ది. పైగా మే జూన్ అంటారు, మే అంతా పుప్పొడి, జూన్‌లో రోజు మార్చి రోజు వాన. సెప్టెంబర్‌లో మంచి కాంట్రాక్టర్లు దొరకరు, అందరూ బుక్ అయిపోతారు. మరి జనం ఎప్పుడు చేయించుకోవాలి?

పాత_సివిలోడు:
ఎండ గురించి మీరన్నది నిజమే, ఆ లాభం నేను కాదనను. కానీ చూడండి, ఎండ దెబ్బ నెమ్మదిగా ఏళ్ల మీద పడేది, మే దాకా ఆగితే పోయేదేం లేదు. పగులు దెబ్బ ఒక్క చలికాలంలో పడుతుంది. కాంట్రాక్టర్ దొరకడం కష్టమే, అందుకే సెప్టెంబర్‌ది జూన్‌లోనే బుక్ చేసుకోవాలి, ఆకులు రాలకముందు అయిపోతుంది, తడి పూత మీద ఆకు పడితే దాని అచ్చు అలాగే ఉండిపోతుంది.

నోవైవాసి:
థాంక్యూ అన్నా, శనివారం అతనికి వద్దని చెప్పేశాను. మరి ఈ చలిలో పగులు మాత్రం పూడుతుందా? ఆ మూల సంగతేంటి?

పాత_సివిలోడు:
పొడుగు పగులుకి ఇప్పుడు టైమే. ఎండాకాలంలో తారు వ్యాకోచించి పగులు సన్నగా ఉంటుంది, అప్పుడు పూడిస్తే చలికి తెరుచుకున్నప్పుడు ఫిల్లర్ తెగిపోద్ది. ఇప్పుడు మధ్యస్తంగా తెరుచుకుని ఉంటుంది. సీసాలో పోసే కోల్డ్ ఫిల్లర్‌కి కూడా 50 డిగ్రీలు, ఆరే టైమ్ కావాలి, కాబట్టి వేడి చేసి పోసే రబ్బరు ఫిల్లర్ గానీ, ప్రొపేన్ టార్చ్‌తో కరిగించే తాడు లాంటిది గానీ వాడండి. ముందు గడ్డి, మట్టి పూర్తిగా పీకి, లోపల తడి లేకుండా ఆరనివ్వాలి, ఇందులో మాత్రం తొందర పడకండి. లోతుగా ఉంటే పొడి ఇసుక పోసి పై అర అంగుళం వదిలి నింపండి.

ఆ మూలన వలలా ఉన్నవి అలిగేటర్ క్రాక్స్ (మొసలి చర్మంలా కనిపించే పగుళ్లు), అక్కడ బేస్ పోయింది. దాని మీద ఏం పోసినా డబ్బులు దండగ, కోసి తీసి, కంకర మళ్లీ దిమ్మిస చేసి, హాట్ మిక్స్ (ప్లాంట్‌లో వేడిగా కలిపిన తారు, కంకర) వేయాలి. చలికాలంలో ప్లాంట్లు మూసేస్తారు, కాబట్టి అది మే పనే. ఈలోపు గుంత పడితే కోల్డ్ ప్యాచ్ (వేడి చేయకుండానే వాడే తారు మిశ్రమం) పోసి గట్టిగా దట్టించండి, అది తాత్కాలికమే.

ఓహైయో_అక్క:
ఆ మూల పక్కన రెయిన్ గట్టర్ పైపు దిగుతోందేమో చూడండి. మాకు సరిగ్గా అదే, పైపు చివర పొడిగించి నీళ్లు లాన్‌లోకి మళ్లించేదాకా ఎన్ని ప్యాచ్‌లు వేసినా నిలవలేదు.

నోవైవాసి:
అక్కా, ఫొటో చూస్తే నిజంగానే పైపు అక్కడే ఉంది! అదీ సరిచేస్తాను. అంటే మేలో ప్యాచ్, వెంటనే సీల్‌కోట్, అంతేనా?

పాత_సివిలోడు:
వెంటనే వద్దండి. కొత్త హాట్ మిక్స్‌లో నూనెలు కొన్ని నెలలు ఆరాలి, అది ఆరకముందు మూసేస్తే మెత్తగానే ఉండిపోతుంది. మొత్తం కొత్తగా వేస్తే ఆరు నెలల నుంచి ఏడాది ఆగమంటారు. మీది చిన్న ప్యాచే కాబట్టి మేలో వేసి, సీల్‌కోట్ సెప్టెంబర్‌కి పెట్టుకోండి.

బఫెలో_చలి:
అంటే చివరికి ఫాలే కదా అన్నా 🙂

పాత_సివిలోడు:
సెప్టెంబర్ అయితే నాకూ ఓకే, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) అయ్యాక మొదటి రెండు మూడు వారాలు. పల్చగా రెండు పూతలు, రెండు రోజులు కార్లు రోడ్డు మీదే. నోవై గారూ, హెచ్‌ఓఏకి మాత్రం ఇప్పుడే జవాబు రాసేయండి, పగులు ఈ వారం పూడ్చాం, మూల మేలో, పూత సెప్టెంబర్‌లో అని కాంట్రాక్టర్ కొటేషన్ జత చేసి పంపితే చాలావరకు గడువు ఇస్తారు.