పాత టాండమ్ సైకిల్ దొరికింది: ముందు అది ఎవరు చేసిందో తేల్చాలా, బ్రేకులు చూసుకోవాలా?

షెడ్డులో_దొరికింది:
అందరికీ నమస్కారం. మా పెదనాన్న షెడ్డు ఖాళీ చేస్తుంటే ఇద్దరు తొక్కే సైకిల్ ఒకటి బయటపడింది, పాత తలుపుల వెనక నిలబెట్టి ఉంది, ఎన్నేళ్ళ నుంచి అక్కడుందో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. నల్ల రంగు, కొన్ని చోట్ల బంగారు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. ముందు తల గొట్టం మీద కంపెనీ బిళ్ళ లేదు, రెండు చిన్న బెజ్జాలు మాత్రం ఉన్నాయి. వెనక సీటు దగ్గర పైగొట్టం కిందకి వంగి ఉంది, చీర కట్టుకున్నవాళ్ళు కూడా ఎక్కేలా. తల దగ్గర నుంచి వెనక చక్రం దాకా రెండు సన్న గొట్టాలు అటూ ఇటూ పోతున్నాయి. ఎడమ వైపు ఒక చైను, కుడి వైపు ఒక చైను. వెనక హబ్ (చక్రం మధ్యలో ఉండే గేర్ల డబ్బా) మీద స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ అని ఉంది, పక్కన 7 అనే అంకె, దాని ముందు గీసుకుపోయింది. క్రాంకులు (పెడళ్ళు తగిలించే చేతులు) కాటర్ పిన్నులవి, అంటే అడ్డంగా దూర్చిన ఇనుప మేకులతో బిగించినవి, ఆ పిన్నులు కదలట్లేదు.
నా ప్రశ్నలు: ఇది ఏ కంపెనీది, ఏ సంవత్సరానిది? ఇంకోటి, శాండ్ బ్లాస్టింగ్ చేయించి పౌడర్ కోటింగ్ వేయిద్దాం అనుకుంటున్నా, వచ్చే వారం ఇచ్చేయనా?

పాతఇనుము:
ఇవ్వొద్దు బాబూ, ఇవ్వొద్దు. ముందు ఆ బండిని ఉన్నచోటే ఉంచి మెత్తటి గుడ్డతో తుడుచుకుంటూ రండి. ఫ్రేము నంబరు ఎక్కడో ఒకచోట కొట్టి ఉంటుంది, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ళ ఇరుసు తిరిగే గొట్టం) కింద గానీ, సీటు లగ్ (గొట్టాలు కలిసే చోటి తొడుగు) మీద గానీ, వెనక ఇరుసు దూరే పట్టీ మీద గానీ. ఇసుక కొట్టిస్తే అది సగం అరిగిపోతుంది, పైన పౌడర్ మందంగా పడితే మిగతా సగం పూడిపోతుంది. ఆ బంగారు గీతలు చేత్తో లాగినవి, మళ్ళీ రావు. బిళ్ళ ఊడినా బెజ్జాల మధ్య దూరం, నిలువుగా ఉన్నాయా అడ్డంగా ఉన్నాయా అన్నది కూడా సాక్ష్యమే, కొలిచి పెట్టండి. ఇక అసలు విషయం ఆ 7. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు హబ్బుల మీద సంవత్సరం ఒక్క అంకెతోనే కొట్టేవాళ్ళు, తర్వాత రెండంకెలు వచ్చాయి. ఏడబ్ల్యూ హబ్ మొదలైందే 1936లో. కాబట్టి ఒట్టి 7 అయితే అది 1937. ముందు ఇంకో అంకె ఉంటే 47 కావచ్చు, 57 కావచ్చు. భూతద్దం పెట్టి చూసి చెప్పండి.

బెల్లులేనిబండి:
మా ఇంట్లో కూడా తలుపుల వెనక ఇలాంటివి దొరికితే బాగుండు, మాకు బొద్దింకలే దొరుకుతాయి 😄

గ్రీజుచేతులు:
అన్నా, ముందు ఆ 7 సంగతి వదిలెయ్. ఇది తొక్కడానికా గోడకి తగిలించడానికా? తొక్కడానికే అయితే మొదటి పని బ్రేకులు. ఇద్దరు మనుషుల బరువు, ఒక మనిషి బండికి ఉన్నన్ని బ్రేకులు. అంతే స్పీడు మీద ఆపాల్సిన బలం దాదాపు రెండింతలు. పైగా ఆ కాలం బండి అంటే స్టీలు రిమ్ములు అయ్యుంటాయి, వానలో తడిస్తే రబ్బరు అలా జారిపోతుందంతే. పాత రబ్బర్లు గోరుతో నొక్కి చూడు, గోరు దిగకపోతే అవి రబ్బర్లు కాదు రాళ్ళు. స్టీలు రిమ్ముకి తోలు ముక్క అతికించిన బ్రేకు బ్లాకులు ఉంటాయి, తడిలో కాస్త నయం. వెనక బ్రేకుకి మామూలు సైకిల్ కేబుల్ సరిపోదు, పొట్టి అవుతుంది, టాండమ్ పొడుగుదే అడిగి తెచ్చుకో.
కాటర్ పిన్నుల్ని మాత్రం సుత్తితో టకాటకా కొట్టకు. నట్టు వదులు చేసి నూనె పోసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత క్రాంకు కింద ఇనుప గొట్టం గట్టిగా ఆనించి, అప్పుడు ఒకటే దెబ్బ. ఆనింపు లేకుండా కొడితే ఆ దెబ్బంతా లోపల బేరింగు గుంటల మీద పడుతుంది, పిన్ను కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, ఇక డ్రిల్లు పెట్టాల్సిందే. వైస్ లాంటి ప్రెస్ దొరికితే ఇంకా మంచిది.

పాతఇనుము:
బ్రేకులు వద్దని నేనన్నానా? వరస అంటున్నా. ఏ కాలం బండో తెలియకుండా ఏ భాగాలు వెతుకుతారు? హబ్ 37ది అయితే బండి యుద్ధానికి ముందుది.

గ్రీజుచేతులు:
హబ్ 37ది అయితే హబ్ 37ది. అంతే. చక్రాలు మారుస్తారు సార్. నా దగ్గరికి వచ్చే బండ్లలో సగం వాటికి ముందు చక్రం ఒక కాలానిది, వెనక చక్రం ఇంకో కాలానిది.

పాతఇనుము:
టాండమ్ వెనక చక్రం అలా ఊరికే మార్చేది కాదు. స్పోకులు ఎన్నో లెక్కపెట్టమనండి. 40 ఉంటే ఆ కాలం వెనక చక్రాలకి అది మామూలే, 36 ఉంటే అప్పుడు మాట్లాడదాం.

షెడ్డులో_దొరికింది:
లెక్కపెట్టా, 40 ఉన్నాయి. భూతద్దంతో కూడా చూశా, 7 ముందు ఒక గీత ఉంది, అది అంకె ముక్కో స్పానర్ జారిన గుర్తో తెలీట్లేదు. బిళ్ళ బెజ్జాలు నిలువుగా ఉన్నాయి, మధ్యలో 2 అంగుళాల పైన. టైరు మీద 26 అని ఉంది కానీ కొత్తగా కొన్న 26 టైరు సరిగ్గా కూర్చోవట్లేదు, చాలా వదులుగా ఉంది.

పాతఇనుము:
ఆ గీత ఏటవాలుగా ఉందా, వంపుగా ఉందా? చాలా ముఖ్యం. 4 అయితే ఏటవాలు, 5 అయితే వంపు.

మరచుట్టు:
టైరు గురించి: 26 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. మీరు రిమ్ము కంటే పెద్ద 26 తెచ్చినట్టున్నారు. మౌంటెన్ బైక్ 26 అంచు వ్యాసం 559 మిల్లీమీటర్లు, ఫ్రెంచ్ 650బి 584, పాత ఇంగ్లీషు 26 ఇంటూ 1 3/8 అయితే 590. 584కీ 590కీ తేడా ఆరు మిల్లీమీటర్లే, కంటికి తెలీదు, 590 టైరుని 584 మీద వేసి గాలి కొడితే ఎక్కినట్టే ఎక్కి ఎక్కడో ఒకచోట ఊడి వస్తుంది. పాత టైరు పక్కన చిన్న అక్షరాలు ఏమైనా మిగిలితే చదవండి, లేదంటే రిమ్మునే కొలవండి.
ఏ దేశం బండో తెలియాలంటే బిళ్ళ కంటే మర నమ్మకం. వెనక బాటమ్ బ్రాకెట్ కప్పు తీశాక చూడండి. ఇంగ్లీషు అయితే 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు, కుడి వైపు కప్పు ఎడమ మర, అంటే రివర్స్‌లో తిప్పాలి. ఫ్రెంచ్ అయితే 35 మిల్లీమీటర్లు, మరకి 1 మిల్లీమీటరు, రెండు వైపులా మామూలు మరే. 1.37 అంటే 34.8, కాబట్టి రెండూ చూడ్డానికి కవల పిల్లలే, కానీ పది మరలు పోయేసరికి అర మిల్లీమీటరు పైన తేడా వస్తుంది, బలవంతంగా తిప్పితే షెల్లు (బాటమ్ బ్రాకెట్ గొట్టం) పోయినట్టే. సీటు గొట్టం బయటి కొలత కూడా చూడండి, 28.6 అయితే అంగుళాల లెక్క, 28 అయితే మెట్రిక్. రంగు మందం తీసేసి లెక్కేసుకోవాలి.

గ్రీజుచేతులు:
ఇది మాట అంటే. పాతఇనుము గారూ, ఆ గీత వంపుగా ఉంటే బండి ఆగుతుందా ఏటవాలుగా ఉంటే ఆగుతుందా?

పాతఇనుము:
వెటకారం వద్దండీ. మీలాంటి వాళ్ళు "తొక్కితే చాలు" అని తొందరపెట్టబట్టే మా నాన్న గారి బండి పోయింది. ఆయన ఇరవై ఏళ్ళు తొక్కిన బండి. ఒక పెయింటర్‌కి ఇచ్చా, మళ్ళీ కొత్తదానిలా చేసిస్తానన్నాడు. తెచ్చాక చూస్తే నంబరు లేదు, లగ్గుల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి, మా నాన్న సీటు గొట్టం మీద తన పేరు మొదటి అక్షరం మేకుతో గీసుకున్నాడు, అదీ లేదు. మెరుస్తూ ఉంది, ఎవరిదో బండిలా ఉంది. ఆ ఇచ్చే ముందు కూడా ఒకాయన నాకు ఇలాగే చెప్పాడు, నంబరుతో ఏం పని, తొక్కుకో అని.

బెల్లులేనిబండి:
ఆ పెయింటర్ నేను కాదు.

రెండోసీటు:
ఇంత రాశారు, ఒక్కరూ అడగలేదు, వెనక ఎవరు కూర్చుంటున్నారు?

షెడ్డులో_దొరికింది:
మా తమ్ముడండీ. వాడికి చూపు లేదు, పుట్టుకతోనే. చిన్నప్పటి నుంచి వాడికి సైకిల్ తొక్కాలని కోరిక, కదలకుండా నిలబడే ఎక్సర్‌సైజ్ సైకిల్ తప్ప ఏదీ తొక్కలేదు. బండి దొరికిన రోజు నుంచీ రోజూ అడుగుతున్నాడు ఎప్పుడు ఎప్పుడు అని. అందుకే పౌడర్ కోటింగ్ చేయించి త్వరగా అయిపోగొడదాం అనుకున్నా.

మరచుట్టు:
పారాలింపిక్స్‌లో చూపు లేనివాళ్ళు టాండమ్ మీదే పోటీ చేస్తారు, ముందు కూర్చునేవాళ్ళని పైలట్ అంటారు. మంచి ఆలోచన.

గ్రీజుచేతులు:
ఇది మొదటి పోస్టులో చెప్పాల్సిన మాట అన్నా! ఎదర ఏం వస్తుందో కనబడని మనిషిని, చేతిలో బ్రేకు లేని మనిషిని కూర్చోబెట్టుకుని వెళ్ళే బండికి ఇక్కడ మూడు రోజులుగా అంకె వంపు కొలుస్తున్నారు. నేనూ ఒకప్పుడు పాత టాండమ్ చేశా. రంగు అద్భుతంగా వచ్చింది. బ్రేకులు "చాలులే" అనుకున్నా. వాన పడి వెలిసిన రోడ్డు, చిన్న దిగుడు. లివరు హ్యాండిల్‌కి ఆనింది, బండి ఆగలేదు. ఎలాగో మట్టి గట్టుకి గుద్ది ఆపా, నాకు మోచేయి గీరుకుంది అంతే. మా ఆవిడ వెనక నుంచి ఏం జరుగుతోందో తెలీక నా చొక్కా పట్టుకుని ఉంది. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ సీటు ఎక్కలేదు. దెబ్బ తగల్లేదు కదా అంటే, "నీకు ముందే తెలుసు ఆగదని, నాకు చెప్పలేదు" అంది. కాబట్టి ముందు చక్రానికి మంచి బ్రేకు, అవసరమైతే ఫోర్కుకి క్యాంటిలీవర్ బ్రేకు బాసులు (బ్రేకు చేతులు బిగించే మొలకలు) బ్రేజింగ్ చేయించాలి, అంటే మంటతో ఇత్తడి కరిగించి అతికించాలి. రంగు కాలితే కాలనీ.

పాతఇనుము:
ఎనభై ఏళ్ళ ఫోర్కు మీద మంట పెడతారా! అలాగైతే ఆ తమ్ముడికి కొత్త టాండమ్ కొనివ్వండి, డిస్క్ బ్రేకులతో. దీన్ని వదిలెయ్యండి. అన్ని పాత బండ్లూ తొక్కడానికే అని ఎక్కడుంది?

గ్రీజుచేతులు:
ఇప్పుడు బయటపడింది. మీకు ఇది తొక్కడమే ఇష్టం లేదు, ఆ మాట మొదటి రోజే అనొచ్చుగా.

పాతఇనుము:
అవును, ఇష్టం లేదు. అంటే తప్పా? మీకేమో అది పాతదవ్వడమే ఇష్టం లేదు. పాత భాగం కనబడితే చాలు పీకెయ్యాలి.

షెడ్డులో_దొరికింది:
ఒక్క నిమిషం. బండి నాది, తమ్ముడు నా తమ్ముడు. కొత్తది కొనే స్తోమత ఉంటే ఈ పోస్టు పెట్టేవాణ్ణే కాదు. ఇక్కడ జరిగిందంతా వాడికి చదివి వినిపించా. "వాళ్ళిద్దరిలో ఒకాయన నన్ను ఎక్కనివ్వడు, ఒకాయన నన్ను సామాను అనుకుంటున్నాడు" అన్నాడు.

రెండోసీటు:
మీ తమ్ముడు కరెక్టుగా పట్టుకున్నాడు. నేను పదకొండేళ్ళుగా వెనక సీట్లోనే ఉన్నా. నాకు చూపు ఉంది, అయినా కనబడేది మా ఆయన వీపే. వెనకవాళ్ళు సామాను కాదండీ, నేను తొక్కడం ఆపితే ముందాయనకి అరక్షణంలో తెలుస్తుంది. గేరు మారుస్తున్నా, గుంత వస్తోంది, ఆగుతున్నా, ప్రతీది నోటితో చెప్పాలి.
బ్రేకు గురించి, మీరిద్దరూ కొట్టుకుంటున్నారు కానీ మధ్యలో దారి ఉంది. ఫోర్కుకి మంట పెట్టక్కర్లేదు. పాత వెనక చక్రాన్ని అలాగే గుడ్డలో చుట్టి దాచి, డ్రమ్ బ్రేకు ఉన్న హబ్‌తో ఇంకో వెనక చక్రం కట్టించుకోవచ్చు. దిగుడులో రిమ్ము వేడెక్కకుండా అది కాస్తుంది. ముందు కూడా డ్రమ్ పెట్టాలంటే మాత్రం జాగ్రత్త, బ్రేకు వేసినప్పుడు డ్రమ్‌ని ఫోర్కుకి కట్టే చేయి పట్టీ ఫోర్కు కాలు ఒక్కదాన్నే లాగుతుంది, పాత సన్న ఫోర్కు దానికోసం చేసింది కాదు. ముందుకి రిమ్ బ్రేకే ఉంచి అల్యూమినియం రిమ్ము వేయించండి, తడిలో స్టీలు కంటే చాలా నయం. ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత చక్రాలు మళ్ళీ వేసుకోవచ్చు.

మరచుట్టు:
దీనికి నేను ఓటేస్తా. వెనక ఫోర్కు మధ్య వెడల్పు మాత్రం ముందే కొలవండి, కొత్త హబ్బులు వెడల్పు ఎక్కువ.

గ్రీజుచేతులు:
సామాను అనుకుంటున్నానన్న మాట గుచ్చుకుంది. తమ్ముడికి సారీ చెప్పు అన్నా. డ్రమ్ ఐడియా బాగుంది, ఒప్పుకుంటా.

షెడ్డులో_దొరికింది:
అప్‌డేట్. నూనె పోసి మూడు రోజులు ఉంచాక నాలుగు కాటర్ పిన్నుల్లో మూడు వచ్చాయి. ముందు బాటమ్ బ్రాకెట్ షెల్లు కింద చీలిక, రెండు బోల్టులు ఉన్నాయి, అవి వదులు చేశాక లోపలి ముద్ద మొత్తం తిరిగింది. ముందు పెడళ్ళనీ వెనక పెడళ్ళనీ కలిపే ఎడమ చైను బిగించడానికి అదే అట కదా, నాకు ఇప్పుడే తెలిసింది.
ఇంకోటి. నిన్న సాయంత్రం తమ్ముడు బండి పక్కన కూర్చుని మొత్తం చేతులతో తడిమాడు, ఒక గంట. నంబరు వాడే కనిపెట్టాడు, వెనక కుడి పట్టీ లోపలి వైపు, రంగు కింద, నాలుగంకెలు. తర్వాత రెండు బాటమ్ బ్రాకెట్ల మధ్య ఉన్న కింది గొట్టం అడుగున వేలు ఆపాడు. "ఇక్కడ వెంట్రుక అంటుకున్నట్టుంది" అన్నాడు. చూస్తే ఏమీ లేదు. నా వేలికీ తెలీలేదు మొదట. గోరు పెట్టి అడ్డంగా లాగితే టిక్కుమంది. ముందు షెల్లుకి రెండు వేళ్ళ దూరంలో, గొట్టం చుట్టూ సగం దాకా ఉంది. ఆ చోట రంగు కూడా మందంగా, బ్రష్‌తో వేసినట్టుంది.

గ్రీజుచేతులు:
తొక్కకు. ఎవరూ ఎక్కకండి దాన్ని. ఇద్దరి బలం ఆ గొట్టం మీదే పడుతుంది.

పాతఇనుము:
అది పగులే కానక్కర్లేదు. ఎప్పుడో రిపేరు చేసి స్లీవు (పైన తొడిగిన గొట్టం) వేసిన అంచు కావచ్చు, రంగు కారి గట్టిపడ్డ గీత కావచ్చు.

గ్రీజుచేతులు:
రంగు తీస్తేగానీ తెలీదు సార్. ఇప్పుడేమంటారు?

పాతఇనుము:
తీయండి. రెండంగుళాలు మాత్రమే. ఇసుక కాదు, పెయింట్ రిమూవర్ రాసి చేత్తో, చుట్టూ టేపు వేసుకుని, గీతలు ఉన్న వైపు వెళ్ళకుండా. తీసే ముందు ఫోటో తీసి పెట్టుకోండి. ఇనుము బయటపడ్డాక డై పెనెట్రెంట్ అని ఎర్ర రంగు ద్రావకం దొరుకుతుంది, అది పూసి తుడిచేసి పైన తెల్ల పొడి కొడితే, పగులు ఉంటే ఎర్ర గీతలా పైకి వస్తుంది. పగులు అయితే కంగారు పడొద్దు, బ్రేజింగ్ చేసిన ఫ్రేములో ఒక గొట్టం మార్చొచ్చు, తెలిసిన ఫ్రేము మేకర్ చేత. దానికి మంట పెట్టడం నాకు సమ్మతమే.

గ్రీజుచేతులు:
ఈ మాట ప్రింటు తీసి గోడకి అంటిస్తా.

పాతఇనుము:
అంటించుకోండి. షెడ్డు బాబూ, ఒక చిన్న పని. హబ్ మీద 7 ముందు ఉన్న ఆ గీత దగ్గర కూడా తమ్ముణ్ణి ఒకసారి వేలు పెట్టి చూడమంటారా? ఏటవాలో వంపో.