అప్‌డేట్: చెప్పుల దుకాణంలో అమ్మకాల ఒత్తిడి
రోజంతా నిలబడి పనిచేస్తూ, ప్రతి బిల్లుకూ సాక్సులో పాలిషో తప్పక జోడించాలన్న ఒత్తిడిని ఎలా తట్టుకోవాలని ఇంతకుముందు అడిగాను. మీలో కొందరు సూచించినట్లే మేనేజరుతో విడిగా మాట్లాడాను. ఆ రోజు ఎంతమంది వచ్చారన్నది చూడకుండా, బిల్లుకు ఎన్ని వస్తువులన్న లెక్కతోనే మమ్మల్ని తూచడం అన్యాయమని, సైజు సరిపోని జతను అంటగడితే అది వాపసు వచ్చి మా కమీషన్‌కే కోత పడుతోందని వివరంగా చెప్పాను. టార్గెట్ తగ్గలేదు, కానీ కొనేవారు లేని వేళల్లో స్టూలుపై కూర్చోవడానికి అనుమతి దొరికింది, నా మోకాళ్లకు అదే పెద్ద ఊరట. సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి కనుక, ఇప్పుడు రెండు పాదాలనూ కొలిచి, నాలుగడుగులు నడిపించాకే జత ఇస్తున్నాను. అవసరం లేనివారికి పాలిష్ అంటగట్టడానికి మాత్రం మనసు ఒప్పడం లేదు. అందుకే వేరే పని వెతుకుతున్నాను.