సముద్రం తరిమితే శరణార్థి కాదా?

వానచినుకు:
మా అమ్మాయి కాలేజీలో శుక్రవారం డిబేట్. 'వాతావరణ శరణార్థులను ఇతర దేశాలు రానివ్వాలి' అన్నది టాపిక్, తనది అనుకూల పక్షం. సాయం చేస్తానని ఉత్సాహంగా కూర్చుని గంటలోనే చిక్కుపడ్డాను. 1951 శరణార్థుల ఒప్పందం తీసి చూస్తే జాతి, మతం, జాతీయత, ఫలానా సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం... ఈ ఐదింటిలో ఏదో ఒక కారణంగా తనను పీడిస్తారన్న భయం ఉండాలట. వరద ఊసు లేదు, కరువు ఊసు లేదు. మరి బావిలోకి ఉప్పునీళ్లు వచ్చి దేశం వదిలినవాళ్లని ఏమనాలి?

ఇంకోటి. 2050 నాటికి 21.6 కోట్ల మంది వలస పోవచ్చని ప్రపంచ బ్యాంకు చెప్పిందని ఎక్కడ చూసినా ఉంది. ఆ అంకె చూసి మా ఆయన "ఇంతమందికి తలుపు తీసేదెవరు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

పాతఫైలు:
మీరు చదివింది సరిగ్గానే చదివారండీ. ఆ ఒప్పందం ప్రకారం పీడించేవాడంటూ ఒకడుండాలి. సముద్రం ఎవరి మతమూ అడగదు, కేసు అక్కడే పోతుంది.

అమ్మాయిని ఒక్క కేసు బాగా చదువుకోమనండి. ఇయోనే టెయిటియోటా అనే అతనిది పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం కిరిబాటి (రాసేది అలా, పలికేది కిరిబాస్). తరావా దీవిలో జనం కిక్కిరిసిపోయారు, మంచినీళ్లు తగ్గాయి, నేల కోసం కొట్లాటలు. అతను న్యూజిలాండ్‌లో శరణు అడిగాడు. అక్కడి సుప్రీంకోర్టు 2015లో కాదంది, అదే ఏడాది వెనక్కి పంపేశారు. తర్వాత ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీకి వెళ్లి అక్కడా ఓడిపోయాడు. గెలిచాడని చాలామంది రాసేస్తుంటారు, చిరాకేస్తుంది. 2020 జనవరిలో బయటికొచ్చిన ఆ నిర్ణయంలో రెండు ముక్కలున్నాయి. తిప్పి పంపితే ప్రాణానికే ముప్పు అనేంతగా పరిస్థితి దిగజారిన చోటికి ఎవరినీ పంపకూడదు, ఇది మొదటిది. కిరిబాటికి ఇంకా 10-15 ఏళ్ల వ్యవధి ఉంది, ఈలోగా ప్రభుత్వం ఏదైనా చేయొచ్చు, ఇది రెండోది. ఎదుటి పక్షం రెండోదాన్నే పట్టుకుంటుంది. అప్పుడు ఆ నిర్ణయానికి ఒప్పుకోని కమిటీ సభ్యుడొకరు రాసింది చెప్పమనండి: మునుగుతున్న మనిషిని మునిగే ఓడలోకే తోసి, అందులో ఇంకా జనం ఉన్నారుగా అన్నట్టుంది ఇది, అని.

నడకదారి:
మీవారికి నా జవాబు. ఆ 21.6 కోట్లు సరిహద్దు దాటేవాళ్లు కాదు, సొంత దేశంలోనే చోటు మారేవాళ్లు. అది కూడా అంచనాలో పై అంచు. ఇప్పుడే గట్టిగా పూనుకుంటే 80 శాతం దాకా తగ్గించవచ్చని అదే నివేదికలో ఉంది, ఆ మాట ఎవరూ షేర్ చేయరు.

దూరం పోవాలంటే చేతిలో డబ్బుండాలి, పంట పోయినవాడి దగ్గర లేనిదే అది. అందుకే కొన్నిచోట్ల కరువొస్తే విదేశీ వలస తగ్గుతుంది కూడా. 2020 నవంబర్‌లో రెండు వారాల తేడాతో ఈటా, అయోటా తుపాన్లు మధ్య అమెరికాలోని హోండురస్, గ్వాటెమాలాలను ముంచేశాయి. అలాంటి చోట్ల నుంచి ఉత్తరానికి, అంటే అమెరికా వైపు బయల్దేరిన వాళ్లను కారణం అడిగితే అప్పులంటారు, పని లేదంటారు, ముఠాల భయమంటారు. వాతావరణం అనేవాళ్లు తక్కువే. అన్నీ ముడిపడి ఉంటాయి మరి.

ఉప్పుగాలి:
తువాలు అని కిరిబాటి లాంటిదే ఇంకో పసిఫిక్ దీవుల దేశం ఉంది, దాని సంగతి మర్చిపోయారు! ఆస్ట్రేలియాతో 2023లో కుదిరిన ఫలేపిలి ఒప్పందం కింద ఏటా 280 మంది అక్కడికి వెళ్లి స్థిరపడొచ్చు. దేశ జనాభా 11 వేల లోపే. 2025లో మొదటి లాటరీకి కుటుంబాలతో కలిపి 8 వేలకు పైగా పేర్లు నమోదయ్యాయి. కానీ ఇందులో శరణార్థి అన్న మాటే లేదు, ఇది వీసా. కిరిబాటి మాజీ అధ్యక్షుడు అనోటే టాంగ్ కూడా 'గౌరవంగా వలస' అనేవారు, శరణార్థులం అనిపించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. మీ టాపిక్‌లో పేరే తప్పేమో చూడండి.

వానచినుకు:
అందరికీ థాంక్స్. మా అమ్మాయి మొదటి పేజీ చింపేసి కొత్తగా రాస్తోంది, టెయిటియోటా ఓడిపోయాడన్న మాటతోనే మొదలుపెడుతుందట. 11 వేలని 280తో భాగించి, దాదాపు 40 ఏళ్లు అని పక్కన రాసుకుంది. మా ఆయన ఇప్పుడు "సరే, సొంత దేశంలోనే చోటు మారేవాళ్ల ఖర్చు ఎవరిది?" అని కొత్తగా అందుకున్నారు. దానికి వేరే ప్రశ్న పెడతాను, శుక్రవారం తర్వాత.