కారుతున్న పాత శ్లాబు: పైన పూత వేస్తే చాలా, ముందు పరీక్ష చేయించాలా?

విశాఖ_యజమాని: విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా మూడంతస్తుల వాణిజ్య సముదాయానికి 1994లో వేసిన పైశ్లాబు వానాకాలంలో కారుతోంది. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపానుకే చెక్కుచెదరని ఈ శ్లాబుకు వాటర్‌ప్రూఫింగ్ పూత చాలదా? కాంక్రీటును కొట్టి గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ రీడింగులు కూడా బాగానే వచ్చాయి.

సివిల్_కాకినాడ: హుద్‌హుద్ ఒక్కరోజు గాలి, ఉప్పు ముప్ఫై ఏళ్ల పని. ఉప్పులోని క్లోరైడులు తేమతో దిగి లోపలి ఇనుప చువ్వను చేరాక తుప్పు పుడుతుంది. అది ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమించడం వల్ల అడుగు కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. కాంక్రీటు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 1978 కూర్పు ప్రకారం మామూలు పరిస్థితుల్లో శ్లాబుకు 15 మిల్లీమీటర్ల కవరు (చువ్వను కప్పే కాంక్రీటు మందం) చాలు. 2000 నాటి కూర్పు సముద్రతీరం లాంటి ‘తీవ్ర’ పరిస్థితికి 45 కోరుతుంది.

విశాఖ_యజమాని: హ్యామర్ సంగతి చెప్పలేదు.

సివిల్_కాకినాడ: అది చెప్పేది ఉపరితల గట్టిదనమే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో జరిగే చర్య (కార్బనేషన్) వల్ల పాత కాంక్రీటు పైపొర గట్టిపడి, రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. చువ్వ విద్యుత్ పొటెన్షియల్ కొలిచి తుప్పు అవకాశం చెప్పే హాఫ్‌సెల్ పరీక్ష చేయించండి. కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టుల కిందికి దిగితే తుప్పు పడుతూ ఉండే అవకాశం 90 శాతం పైనే.

విశాఖ_యజమాని: హ్యామర్ పనికిరాకపోతే ఇంజినీర్లందరూ ఎందుకు వాడుతున్నారండీ?

మందుల_షాపు: మా షాపున్న భవనంలో ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి చూస్తే, గోధుమరంగు చారల మధ్య బయటపడిన చువ్వ గోటితో గీకగానే పొరలుగా రాలింది. అంతకు ముందే పైన రెండుసార్లు పూత వేశారు. సుత్తితో తట్టిన ప్రతిచోటా గుల్ల శబ్దమే. యజమాని మాత్రం మళ్లీ సున్నం కొట్టించారు.

విశాఖ_యజమాని: ప్రతి యజమానినీ ఆయనలాగే చూడకండి. పరీక్షలు చేయించమనేవారికీ, చేసేవారికీ అది వ్యాపారం.

సివిల్_కాకినాడ: ఆ మాట అనకండి. చెమ్మ లోపల ఉండగా పైన మూసేస్తే తుప్పు ఆగదని చెప్పడం వ్యాపారమా?

విశాఖ_యజమాని: అయితే సూటిగానే చెబుతాను. నివేదిక రాతపూర్వకంగా వస్తే అద్దెదార్లు దాన్ని పట్టుకుని అద్దె ఆపుతారు, బ్యాంకు భవనం విలువ తగ్గిస్తుంది. ఆ నష్టం ఎవరు భరిస్తారు?

మందుల_షాపు: ఇదండీ అసలు సంగతి. ఖర్చు మీరు పెట్టినా సరే, నివేదిక ప్రతి మాలాంటి అద్దెదార్లకూ ఇవ్వాలి; ఆ శ్లాబు కింద పన్నెండు గంటలు నిలబడేది మేము.

విశాఖ_యజమాని: ఖర్చు నాది, నివేదిక నాది. దీనిమీద నేను తగ్గను.

సివిల్_కాకినాడ: అది మీరూ మీరూ తేల్చుకోండి. ఈలోగా పైన ఉన్న నీళ్ల ట్యాంకులు ఖాళీ చేయించండి, ఫాల్స్ సీలింగ్ విప్పించండి, పెచ్చు వదులైన చోట కింద సపోర్టులు పెట్టించండి.