పాత బ్రిటిష్ టీవీ: గదిలో నున్నగా, బయట గరుగ్గా. అసలు ఏ కాపీ చూడాలి? (చర్చ)

కొండపల్లి_బొమ్మ
మూడు సందేహాలు. ఒకటి: బీబీసీ హోటల్ కామెడీ ఫాల్టీ టవర్స్‌లో హోటల్ లోపలి సీన్లు లైవ్ ప్రోగ్రాంలా నున్నగా కదులుతాయని, గుమ్మం దాటగానే సినిమాలా మారతాయని అందరూ అంటారు. నా దగ్గరున్న ఫైల్లో రెండూ ఒకేలా ఉన్నాయి. లోపం ఫైల్లోనా, ప్లేయర్లోనా? రెండు: బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియల్ డాక్టర్ హూ పాత ఎపిసోడ్లు చెరిపేశారు కదా, మరి మిగిలినవి ఎలా మిగిలాయి? మూడు: పదేళ్ల పిల్లలకు ఏది ముందు చూపించాలి?

ఫిల్ముడబ్బా
మొదటిదానికి చెబుతాను. స్టూడియోలో తీసింది 2 అంగుళాల వీడియోటేపు మీద, బయట తీసింది 16 మి.మీ. ఫిల్మ్ మీద. అప్పటి ఎలక్ట్రానిక్ కెమెరాకు లావుపాటి కేబుల్, ఆ కేబుల్ చివర ఒక వ్యాను తప్పనిసరి. రెండు నిమిషాల వీధి సీను కోసం అదంతా ఎవరు మోసుకెళ్తారు? ఫిల్మ్ కెమెరా భుజాన వేసుకుని పోయేవారు. వీడియో సెకనుకు 50 ఫీల్డులు (గీత విడిచి గీతగా పట్టిన సగం బొమ్మలు), ఒక్కో ఫీల్డు ఒక్కో క్షణానిది. ఫిల్మ్ సెకనుకు 25 ఫ్రేములే. కంటికి తెలిసే తేడా అదే, రంగుల్లో కాదు.

మీ ఫైల్లో రెండూ ఒకేలా ఉన్నాయంటే ఎవరో 50లో 25 పారేశారు. ఆ కాపీ తీసేయండి. ఇంకో సంగతి, టైటిల్స్‌లో కనిపించే ఆ భవనం కథలో చెప్పినట్టు ఇంగ్లండ్ సముద్రతీర పట్టణం టార్కీలో లేదు, బకింగ్‌హమ్‌షైర్‌లో ఉండేది. 1991లో కాలిపోయింది.

నాలుగుకే_నాని
ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. 25 ఫ్రేములు చాలు, సినిమాలన్నీ దాదాపు అలాగే చూస్తున్నాం కదా. ఏఐతో 4కే చేసిన కాపీలు దొరుకుతున్నాయి, ముఖాలు శుభ్రంగా ఉన్నాయి. 1975 నాటి మసక బొమ్మను అలాగే చూడాలన్న పట్టుదల దేనికి?

ఫిల్ముడబ్బా
నాని గారూ, ముఖాలు శుభ్రంగా లేవు, తుడిచిపెట్టుకుపోయాయి. టేపులో బొమ్మకు ఉన్నది 576 అడ్డగీతలే. అంతకు మించిన వివరం ఏఐ కల్పించిందే. హోటల్ యజమాని బేసిల్ చెయ్యి విసిరినప్పుడు ఆపి చూడండి, వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పారేసిన 25 క్షణాలు తిరిగిరావు, వాటి చోట యంత్రం ఊహించినవి వస్తాయి. కామెడీ అంతా ఆ కదలికలోనే ఉంది. పన్నెండు ఎపిసోడ్లే ఉన్న సీరియల్‌ను ఇలా పాడుచేసి పదిమందికి పంచడం నాకు నిజంగా బాధ.

నాలుగుకే_నాని
మీ బాధ మీది. చూసేవాడికి 75 అంగుళాల టీవీ మీద బాగుండాలి, అంతే. మీకు నచ్చనివన్నీ తప్పని తేల్చేయకండి.

యంత్రశాల
ఇద్దరూ ఆగండి. ముందు ఫైలు బతికుందో లేదో చూసే పద్ధతి రాస్తున్నా.

వీఎల్‌సీ వీడియో ప్లేయర్లో స్టూడియో సీను, అందులోనూ ఎవరైనా అడ్డంగా నడిచేది పెట్టండి. డీఇంటర్లేస్ (ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చే సెట్టింగు) ఆఫ్ చేసి కీబోర్డులో E కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ చూడండి. మనిషి అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే రెండు ఫీల్డులూ ఉన్నాయి, ఫైలు మంచిది. గీతల్లేకుండా సెకనుకు 25 మాత్రమే ఉంటే సగం పోయినట్టే, ఇంక ఏ సెట్టింగూ పనిచేయదు. ఫైలు మంచిదైతే వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్, మోడ్ యాడిఫ్ 2ఎక్స్ (Yadif 2x). ఆ 2ఎక్స్ ముఖ్యం. ఉత్త యాడిఫ్ పెడితే మళ్లీ 25కే దిగుతుంది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రాంతో ఫైలు మార్చుకునేవాళ్లు ఎక్కువగా పడే గుంత కూడా ఇదే. యాడిఫ్‌ను ఏమీ చెప్పకుండా వాడితే రెండు ఫీల్డులకు ఒక ఫ్రేమే ఇస్తుంది. అలాంటిదే ఇంకో ఫిల్టర్ బీడబ్ల్యూడిఫ్ అయితే చెప్పకపోయినా ఫీల్డుకొక ఫ్రేము ఇస్తుంది. పూర్తయ్యాక ఫైలు 50 చూపించాలి, 25 చూపిస్తే మళ్లీ చేయండి.

అన్నీ సరిగా ఉన్నా కెమెరా తిరిగినప్పుడు కుదుపు వస్తోందంటే తెర 60 హెర్ట్జ్‌లో ఉంది. ప్రతి ఐదు ఫ్రేముల్లో ఒకటి రెండుసార్లు పడుతుంది. తెరను 50కి మార్చండి. టీవీలో మోషన్ స్మూతింగ్ (మధ్య ఫ్రేములు ఊహించి కలిపే సెట్టింగు) పూర్తిగా ఆపండి, లేకపోతే బయటి ఫిల్మ్ సీన్లు కూడా వీడియోలా జారిపోతాయి.

పాతటేపు
అందరూ సెట్టింగుల మీదే పడ్డారు, రెండో ప్రశ్న గాలికి వదిలేశారు. 1963 నుంచి 1969 వరకు డాక్టర్ హూ 253 ఎపిసోడ్లు. 2013లో నైజీరియాలో తొమ్మిది దొరికాక కూడా అప్పటికి లోటు 97. చంద్రుడి మీద మనిషి దిగిన రాత్రి బీబీసీ తన స్టూడియో నుంచి చేసిన ప్రసారం కూడా దక్కలేదు. ఇది నేరం. ఇంకో మాట లేదు.

చిక్కడపల్లి_రీలు
నేరం అంటే సరిపోదన్నా, ఎట్ల జరిగిందో తెలుసుకోవాలె. 2 అంగుళాల టేపు శానా ఖరీదు, చెరిపి మళ్ల వాడుకునేందుకే దాన్ని కొన్నరు. నటుల యూనియన్‌తోని ఒప్పందం ప్రకారం పునఃప్రసారానికి హద్దులుండె, ప్రతిసారి మళ్ల పైసలు కట్టాలె. రంగులొచ్చినంక నలుపు తెలుపు ఎవరికీ వద్దు. ఇంట్ల వీడియో చూసే కాలమొస్తదని అప్పుడు ఎవరనుకున్నరు? ఫిల్మ్ లైబ్రరీ ఫిల్మ్ సంగతే చూసుకునేది, టేపులు ఇంజినీర్ల చేతుల ఉండె. దాచే బాధ్యత ఎవరికీ లేదు. 1978ల ఒక పద్ధతి పెట్టినంకనే చెరుపుడు ఆగింది.

మిగిలినయి ఎట్ల మిగిలినయంటే, విదేశాలకు అమ్మేటందుకు తెర ముందల ఫిల్మ్ కెమెరా పెట్టి 16 మి.మీ. కాపీలు తీసిండ్రు. ఒక్కో దేశంల టీవీ బొమ్మకు గీతల లెక్క వేరు, ఫిల్మ్ అయితే ఎక్కడైనా నడుస్తది. ఆ డబ్బాలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోయేటివి. హక్కుల గడువు తీరినంక వాపసు పంపుడో, నాశనం చేసుడో. కొందరు రెండూ చెయ్యలే. హాంకాంగ్ నుంచి డాక్టర్ హూ కథ ‘టూంబ్ ఆఫ్ ద సైబర్‌మెన్’ నాలుగు భాగాలు దొరికింది గందుకే.

పాతటేపు
టేపు ఖరీదు అన్న వాదన సగానికే పనికొస్తుంది. ఫిల్మ్ కాపీలను మళ్లీ వాడుకోలేరు కదా? వాటినీ 1970ల్లో పోగేసి పారేశారు. దానికి ఏ లెక్క చెబుతారు?

చిక్కడపల్లి_రీలు
అమ్మే హక్కు తీరిన సరుకు షెల్ఫుల మీద జాగా తింటదని. తప్పే, నేను తప్పు కాదంటలేను. కానీ కోపంతోని చరిత్ర రాస్తే మిగిలినయి దొరకవన్నా. ఏ దేశానికి ఏ డబ్బా పోయింది, వాపసు వచ్చిందా లేదా అని కాగితాలు చూసినోళ్లే నైజీరియా దాక పోయిండ్రు.

వర్ణం625
ఈ విషయంలో నాకు పట్టుంది కాబట్టి అందరికంటే వివరంగా రాస్తాను. రంగుల్లో తీసి, టేపు చెరిపేయడంతో నలుపు తెలుపు ఫిల్మ్‌గా మాత్రమే మిగిలినవి ఉన్నాయి. వాటిలో కొన్నిటికి రంగు తిరిగి వచ్చింది. చేత్తో వేసింది కాదు, ఆ రోజు స్టూడియోలో ఉన్న అసలు రంగే.

బ్రిటన్ టీవీ వాడిన పాల్ అనే రంగుల పద్ధతిలో రంగు 4.43 మెగాహెర్ట్జ్ ఉపవాహకం (బొమ్మ సంకేతంతో కలిసి వచ్చే అదనపు తరంగం) మీద వస్తుంది. ఫిల్మ్ తీసేటప్పుడు దాన్ని వడకట్టకపోతే తెర మీద సన్నటి చుక్కలుగా పడుతుంది, ఆ చుక్కలూ ఫిల్మ్‌లోకి ఎక్కుతాయి. అప్పట్లో వాటిని లోపం అనుకున్నారు, ఇప్పుడు అవే ప్రాణం పోశాయి. ఫిల్మ్‌ను చాలా ఎక్కువ వివరంతో స్కాన్ చేసి, వంకరలు గీత గీతకూ సరిచేసి, చుక్కల నుంచి రంగు లెక్కగడతారు. చిక్కల్లా, రంగు దిశ చెప్పే బర్స్ట్ సంకేతం బొమ్మ అంచు బయట ఉండిపోవడం. అందుకే ఎరుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ వచ్చే ప్రమాదం ఉంది. ఏ ప్రాంతం ఏ దిశో సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది, చివరకు మనిషి చూసి దిద్దుతాడు. 2008లో బీబీసీ కామెడీ డాడ్స్ ఆర్మీ ఎపిసోడ్ ఒకటి ఇలా రంగుల్లోకి వచ్చింది. డాక్టర్ హూ ‘మైండ్ ఆఫ్ ఈవిల్’లో 2 నుంచి 6 భాగాలు ఇలాగే. ఒకటో భాగంలో చుక్కలు లేవు, దానికి చేత్తోనే రంగులు వేయాల్సి వచ్చింది.

నాలుగుకే_నాని
మరి ఇదీ కంప్యూటర్ ఊహే కదా? నేను చెప్పిన ఏఐకి ఎందుకంత తిట్లు?

వర్ణం625
కాదు. చుక్కల్లో రంగు ఉంది, మనం చదువుతున్నాం. మీ కాపీల్లో వివరం లేదు, యంత్రం రాస్తోంది. ఉన్నదాన్ని చదవడం, లేనిదాన్ని రాయడం ఒకటి కాదు. ఈ తేడా ఒప్పుకోకపోతే మీతో మాట్లాడి లాభం లేదు.

నాలుగుకే_నాని
ఒప్పుకుంటా. కానీ అన్నిటినీ మసకగానే చూడాలంటే మాత్రం ఒప్పుకోను.

ఫిల్ముడబ్బా
అన్నీ మసక కాదండీ! ఫిల్మ్ మీద తీసినవి నిజమైన హైడెఫినిషన్‌లో వస్తాయి. ద ప్రిజనర్, 17 ఎపిసోడ్లు, 35 మి.మీ. నెగటివ్ నుంచి చేసిన బ్లూరే చూస్తే నిన్న తీసినట్టుంటుంది. గ్రెనడా టీవీ వాళ్ల షెర్లాక్ హోమ్స్ కూడా ఫిల్మే. రోమన్ చక్రవర్తుల కథ ఐ, క్లాడియస్ మాత్రం మొత్తం స్టూడియో వీడియో, దానికి డీవీడీ నాణ్యతే పైకప్పు. కొనేముందు ఫిల్మా, వీడియోనా అన్న ఒక్క ప్రశ్న వేసుకుంటే డబ్బు మిగులుతుంది.

నవ్వులపువ్వు
ఎవరూ ఎత్తని సంగతి, ఆ పెట్టుడు నవ్వులు. రాజకీయ కామెడీ యెస్ మినిస్టర్ లాంటి చక్కటి రచన మీద డబ్బాలోని నవ్వు పోశారు. అది లేని కాపీ ఉందా?

చిక్కడపల్లి_రీలు
డబ్బా నవ్వు కాదక్కా. ఎదురుంగ జనం కూసున్నరు. వారమంతా రిహార్సల్ చేసి, ఒక్క సాయంత్రం స్టూడియోల ప్రేక్షకుల ముందు రికార్డు చేసేది పద్ధతి. బయట తీసిన ఫిల్మ్ ముక్కలు గుడ మానిటర్ల మీద వాళ్లకు చూపించి, ఆ నవ్వు పట్టిండ్రు. నటులు నవ్వు కోసం ఆగుతరు సూడు, ఆ ఆగుడు నవ్వు తీసేస్తే ఉత్త ఖాళీ అయితది. అమెరికా కామెడీ సీరియల్ మ్యాష్‌కు అతికించిన నవ్వును బీబీసీనే తీసేసి వేసింది. ఆ రెండూ వేరు.

నవ్వులపువ్వు
సరే, జనం నవ్వే అని ఒప్పుకుంటాను. అయినా చెవికి ఎక్కువే. యెస్ మినిస్టర్‌నే మనవాళ్లు 2001లో ఫారూఖ్ షేక్‌తో జీ మంత్రీజీగా తీశారు. విదేశీయుల ఇంగ్లిష్ క్లాసు మీద తీసిన మైండ్ యువర్ లాంగ్వేజ్ అంతకుముందే జబాన్ సంభాల్‌కే అయింది, 1993లో పంకజ్ కపూర్‌తో. రెండోదే బాగా నిలిచింది. ఎందుకంటే ఒకే దేశంలో పది భాషలవాళ్లు ఒక క్లాసులో కూర్చోవడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పాతటేపు
మైండ్ యువర్ లాంగ్వేజ్ పేరెత్తారు కాబట్టి: 1977 నుంచి 79 వరకు 29 ఎపిసోడ్లు. 1986లో తీసిన 13 వేరే, వాటిని కలిపి అమ్మే సెట్లు ఉంటాయి, చూసుకోండి. ఒక్కో జాతిని ఒక్కో వెక్కిరింతకు కుదించారని అప్పుడే విమర్శ వచ్చింది. ఆ విమర్శ సరైనదే.

నవ్వులపువ్వు
సరైనదే కావచ్చు. ఆ క్లాసులోని రంజీత్ సింగ్ చేతులు జోడించి క్షమాపణ అడిగే తీరు మాత్రం ఇక్కడ ఇంటింటా నవ్వించింది. రెండూ నిజమే.

యంత్రశాల
కత్తిరించిన కాపీల గురించి ఒక మాట. బీబీసీ అరగంట అంటే మధ్యలో ప్రకటనలుండవు, దాదాపు 29-30 నిమిషాలు. ప్రకటనలుండే ఐటీవీ చానల్ అరగంట దాదాపు 25 నిమిషాలే. బీబీసీ సీరియల్ ఫైలు 22 నిమిషాలే ఉంటే ప్రకటనల చానల్ కోసం కోసినది. ఐటీవీది 25 ఉంటే కంగారు పడొద్దు. డీవీడీలకు దేశాన్ని బట్టి రీజియన్ నంబరు ఉంటుంది: బ్రిటన్ రీజియన్ 2, మనది 5. అమెరికా డిస్కులు మాత్రం తీసుకోకండి, 50ని 60గా మార్చినప్పుడు ప్రతి కదలిక వెనకా నీడ పడుతుంది.

కొండపల్లి_బొమ్మ
దువ్వెన గీతలు లేవు. ఫైలు పోయినదే, డీవీడీ తెప్పిస్తాను. మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

వర్ణం625
పిల్లలకైతే తోలుబొమ్మల్లాంటి బొమ్మలతో తీసిన థండర్‌బర్డ్స్, 1965-66, 32 ఎపిసోడ్లు, 35 మి.మీ. ఫిల్మ్. బొమ్మల తలలు పెద్దవిగా ఎందుకున్నాయో ముందే చెప్పండి: పెదవి కదిలించే సొలినాయిడ్ (కరెంటుతో కదిలే చిన్న అయస్కాంతం) తలలోనే ఉంది, రికార్డు చేసిన మాటల సంకేతం సన్నటి తీగల గుండా దానికి చేరుతుంది. పేలుళ్లు, నీళ్లు ఎక్కువ వేగంతో చిత్రీకరించి మామూలు వేగంతో చూపించారు, లేకపోతే నీటి బిందువు పరిమాణం మోడల్ చిన్నదని పట్టిచ్చేస్తుంది.

పాతటేపు
తర్వాత డాక్టర్ హూ. మొదట చెవితో. అందులోని కాలయంత్రం టార్డిస్ బయల్దేరే చప్పుడు పాత పియానో లావు తీగ మీద ఇంటి తాళంచెవి గీకగా వచ్చింది. బీబీసీలో పనిచేసిన డీలియా డెర్బిషైర్ 1963లో టైటిల్ సంగీతాన్ని సింథసైజర్ లేకుండా కట్టింది. ఒక్కో స్వరం టేపు మీద పట్టి, వేగం మార్చి శ్రుతి కుదిర్చి, స్వరం నిడివికి టేపు కోసి అతికించి. స్వరకర్త రాన్ గ్రేనర్ తన పేరు పక్కన ఆమె పేరు వేయమన్నా బీబీసీ వేయలేదు. తెర మీద ఆ పేరు 2013లో పడింది. పిల్లలకు ఆ పేరు ముందే చెప్పండి.