చెయ్యి చేసుకునే మగవాడి బాల్యాన్ని ఎంతవరకు లెక్కలోకి తీసుకోవాలి?

గోదావరిగట్టు:
మా బంధువు ఒకాయన భార్యను కొట్టిన విషయమై ఇంట్లో పంచాయితీ జరిగినప్పుడు, "చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాణ్ణి గొడ్డును బాదినట్టు బాదేవాడు, పాపం వాడేం చేస్తాడు" అని పెద్దలు సర్దిచెప్పారు. ఈ వాదన సమంజసమేనా?

కాజీపేట వాసి:
కాదనే నా అభిప్రాయం. బాల్యంలో హింసకో నిర్లక్ష్యానికో గురైనట్టు కోర్టులో నిర్ధారణ అయిన 908 మందిని, అటువంటి చరిత్ర లేని 667 మందితో పోలుస్తూ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కేథీ విడమ్ 1989లో ప్రచురించిన అధ్యయనంలో, హింసాత్మక నేరాలకు అరెస్టయినవారు మొదటి వర్గంలో సుమారు 11 శాతం, రెండో వర్గంలో 8 శాతం. తేడా ఉన్న మాట నిజమే గాని, బాధితుల్లో అత్యధికులు ఆ జాబితాలో లేరు. పైగా మీ బంధువు తన పై అధికారి మీద ఎన్నడైనా చెయ్యెత్తాడా? ఎత్తకపోతే, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం అతనికి చేతనవుననే అర్థం.

వేపచెట్టు:
కాజీపేట వాసి గారూ, మీ చివరి మాట ఒప్పుకుంటాను గాని, అరెస్టుల లెక్క మీద అంత భారం వేయలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త చేతిలో హింసకు గురయ్యామని చెప్పిన వివాహిత స్త్రీలు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. వీటిలో పోలీసు స్టేషను దాకా వెళ్ళేవి ఎన్ని?

నా సంగతే చెబుతాను. నాన్న స్కూటరు చప్పుడు వినగానే అమ్మ వంటగట్టు మీది గాజు గ్లాసులు తీసి లోపల పెట్టేది. భయపడి ఏడిస్తే "మగపిల్లాడివై ఉండి ఏడుపేమిటి" అని నాకు మరో రెండు తగిలేవి; అందువల్ల పెద్దయ్యాక భయమైనా అవమానమైనా దిగులైనా నాలోంచి కోపంగానే బయటికి వచ్చేది. నా భార్యను నేనెన్నడూ కొట్టలేదు, అరిచేవాణ్ణి, అది తప్పే కాదనుకునేవాణ్ణి. ఒక సాయంత్రం నేను గేటు తీస్తుండగా, ఆమె టీవీ కట్టేసి పాప బొమ్మల్ని గబగబా మంచం కిందికి తోయడం కిటికీలోంచి కనిపించింది. ఆ వారమే మానసిక వైద్యుని దగ్గరికి వెళ్ళి, ఆ గ్లాసుల సంగతి మొదటిసారి బయటపెట్టాను.

గోదావరిగట్టు గారూ, ఆ పంచాయితీలో ఆమెను ఎవరైనా ఏమైనా అడిగారా?

గోదావరిగట్టు:
అడగలేదండీ. ఆమె వంటింట్లో అందరికీ టీ కాస్తూ ఉంది. ఆదివారం వెళ్ళి మాట్లాడతాను. 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణాధికారిని కలవవచ్చన్న సంగతి కూడా చెబుతాను.